కొట్టు పెట్టడం సరే, కొట్టులో కూర్చోవడం ఎవరు నేర్పుతారు?

మా రోజుల్లో పిల్లలకు వ్యాపారం నేర్పడానికి బడిలో పీరియడంటూ ఉండేది కాదు నాయనా. నేర్చుకోవాలనుకున్నవాడు ఏ మేనమామ కొట్టులోనో గోనెసంచుల మధ్య నిలబడేవాడు, కాళ్ళు పీకేదాకా నిలబడి నేర్చుకునేవాడు. ఇప్పుడు మీకు బిజినెస్ డే వచ్చింది. బడి ఆవరణలో షామియానా, వరసగా టేబుళ్ళు, ప్రతి టేబులుకీ ఒక ఇంగ్లీషు పేరు, వెనకాల రంగుల బోర్డు. అమ్మ చేసిచ్చిన గులాబ్‌జాములు, నాన్న కొనిచ్చిన కాగితం కప్పులు. కొనేదెవరయ్యా అంటే పక్క టేబులు పిల్లవాడి అమ్మ. మధ్యాహ్నానికి సరుకు అయిపోతుంది, మావాడికి ఐదొందలు లాభం అంటూ సాయంత్రానికల్లా ఫోన్లలో ఫోటోలు తిరుగుతాయి. ఒరేయ్, పంచదార ఎంతయింది, నూనె ఎంతయింది, మీ అమ్మ తెల్లవారుజామున లేచి పొయ్యి దగ్గర కూర్చున్న కష్టానికి ఎంత వేశావు అని అడిగితే ఒక్కడూ నోరు విప్పడు. పెట్టుబడి లెక్కలో లేనప్పుడు వచ్చిందంతా లాభంలాగే కనిపిస్తుంది.

ముసలాయన సణుగుడు మొదలైందని నువ్వు నవ్వుకుంటావని నాకు తెలుసు. నవ్వుకో, కానీ విను.

2021 డిసెంబరులో టీవీలో షార్క్ ట్యాంక్ ఇండియా మొదలైన దగ్గర్నుంచి పిల్లల నోట వాటా, వాల్యుయేషన్, ఫండింగ్ అనే మాటలు పలుకుతున్నాయి. అంతకు ముందే, 2019లో, ఢిల్లీ ప్రభుత్వం తన బడుల్లో తొమ్మిది నుంచి పన్నెండు దాకా చదివే పిల్లలకు వ్యాపార దృక్పథం అలవరచాలని పాఠం పెట్టింది. 2021లో బిజినెస్ బ్లాస్టర్స్ అని ఇంకో మెట్టెక్కి, పెద్ద తరగతుల పిల్లలకు తలా 2000 రూపాయలు పెట్టుబడిగా చేతిలో పెట్టింది. మన రాష్ట్రంలోనూ ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతికి ఇలాంటి పాఠమే వచ్చింది. పిల్లల చేతికి డబ్బివ్వడం మంచిదే. డబ్బు చేత్తో పట్టుకుని పోగొట్టుకోకుండా వ్యాపారం ఎవడికీ రాదు. నా బాధ డబ్బు గురించి కాదు, వరస గురించి. ముందు ఆలోచన చెప్పమంటున్నారు, తర్వాత బోర్డు గియ్యమంటున్నారు, ఆ తర్వాత పదిమంది ముందు నిలబడి మాట్లాడమంటున్నారు. సరుకు చేత్తో తాకడం చివరికెప్పుడో వస్తోంది. మాకు అదే మొదటి పాఠం.

జగ్గయ్యపేట సంగతి తెలుసా నీకు? కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి అది బజారు. ఇప్పుడు కృష్ణా జిల్లా అంటే ఒప్పుకోరనుకో, 2022 ఏప్రిల్ నుంచి మనది ఎన్టీఆర్ జిల్లా. ఏ జిల్లా అయితేనేం, ఊరు అదే. ఒకప్పుడు దాని పేరు బేతవోలు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గన్న పేరు మీద దాన్ని జగ్గయ్యపేట చేశాడు. తల్లి అచ్చమ్మ పేరు మీద కృష్ణకు అవతల అచ్చంపేట వెలిసింది. పాలేరు దాటితే నిజాం రాజ్యం. 1948 దాకా అది వేరే దేశం లెక్కే, వేరే సుంకాలు, వేరే రూపాయి. హాలీ రూపాయికీ మన కల్దారు రూపాయికీ మారకం కట్టడం తన చిన్నతనంలో వేళ్ళ మీద వచ్చేదని మా మావయ్య చెప్పేవాడు. సరిహద్దు పోయిందనుకున్నాం, 2014లో మళ్ళీ గరికపాడు దగ్గర చెక్‌పోస్టు వెలిసింది. అలాంటి ఊళ్ళో పుట్టిన పిల్లవాడికి ఇక్కడ ధర, అక్కడ ధర, మధ్యలో బండి ఖర్చు, సుంకం అనే లెక్క ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. ఇంట్లో అన్నం తింటుండగానే చెవిన పడేది.

మా మావయ్యది పచారీ కొట్టు. ఎండాకాలం సెలవులకు నన్ను నందిగామ నుంచి బస్సెక్కించి పంపేవాళ్ళు. తొలి సెలవుల్లో నా పని కొట్టు ఊడవడం, నీళ్ళు చల్లడం, బస్తాల మూతులు విప్పి అంచులు చక్కగా మడిచిపెట్టడం. అంతే. మరుసటి ఏడు పొట్లాలు. పాత పేపరు ముక్కను అరచేతిలో తిప్పి, కొన మడిచి, సరుకు పోసి, మూత దోపి, పైన వేలాడే ఉండలోంచి పురికొస లాగి రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపాలి. చక్కెర పొట్లం వేరు, కందిపప్పు పొట్లం వేరు, ఇంగువ పొట్లం మరీ వేరు. దారిలో పొట్లం విప్పుకుందంటే ఆ ఇల్లాలు మర్నాడు పక్క కొట్టుకు పోతుంది, అదీ మాకు నేర్పిన మార్కెటింగు. కాటా ముట్టుకోనిచ్చింది ఆ తర్వాతే. గల్లాపెట్టె దగ్గర కూర్చోనిచ్చింది ఇంకా తర్వాత, అదీ మావయ్య భోజనానికి వెళ్ళినప్పుడు మాత్రమే.

లెక్కల మాటకొస్తే మా తరానికి దేశమే ఒక పరీక్ష పెట్టింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలొచ్చాయి. అప్పటిదాకా రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు కానులు. పొద్దున లేచేసరికి రూపాయికి 100. అణాకు 6 నయా పైసలు, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25. చూశావా, మూడు ఆర్లు పద్దెనిమిది కదా, మూడణాలకు 19 ఎందుకయింది? సర్దుబాటు. కానీకి 2 నయా పైసలు, అర్ధణాకు 3. అంటే కానీ జీలకర్ర, కానీ ఆవాలు విడివిడిగా కొన్నవాడు 4 ఇస్తాడు, అర్ధణా సరుకు ఒక్కసారిగా కొన్నవాడు 3 ఇస్తాడు. కానీ సరుకు కొనేదెవరు? కూలి పని చేసుకునేవాళ్ళు. మావయ్య ఆ రోజే చెప్పాడు, ఒకేసారి వచ్చి రెండు కానుల సరుకు అడిగితే ముందు కలిపి, తర్వాత పైసలు కట్టమని. పేదవాడి దగ్గర నయా పైస మిగుల్చుకుంటే కొట్టు నిలవదన్నాడు. ఆ వెంటనే తూకాలూ మారాయి. 1958లో మెట్రిక్ తూకాలు మొదలై 1962 నాటికి అంతటా తప్పనిసరయ్యాయి. వీశె అంటే 120 తులాలు, కిలో నాలుగువందల గ్రాములు. కిలో ఇస్తుంటే వీశెకు తక్కువిస్తున్నాడని ముసలమ్మలు కొట్టు ముందు పోట్లాడేవాళ్ళు. ఆ పోట్లాట తీర్చి, ఆవిడ్ని నవ్వుతూ సాగనంపడం పదేళ్ళ పిల్లవాడి పని. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?

అసలు పాఠం ఇవేవీ కావు. అరువు. మీ పుస్తకాల్లో ఎక్కడా లేనిదీ, మీ బిజినెస్ డేలో కనిపించనిదీ అదే.

మన మెట్ట ప్రాంతం రైతుకు డబ్బు కనిపించేది పత్తి, మిరప చేతికొచ్చినప్పుడు. 1967లో సాగర్ కాలవలకు నీళ్ళు వదిలాక కొన్ని ఊళ్ళ తీరు మారింది గానీ, అంతకు ముందు అంతా వానే. ఏడాదిలో మిగతా నెలలు ఉప్పూ పప్పూ ఖాతా మీదే నడవాలి. ఖాతా ఇవ్వనంటే వ్యాపారం లేదు, అందరికీ ఇస్తే కొట్టు లేదు. ఎవరికి ఎంతదాకా ఇవ్వొచ్చో మావయ్య ఏ కాగితం చూసి చెప్పేవాడు కాదు. వాళ్ళ చేనుకు ఆ ఏడు పురుగు పట్టిందా, ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉందా, పోయిన ఏడు కల్లం అయిన ఎన్నాళ్ళకు వచ్చి కట్టాడు, ఇవన్నీ తలలో ఉండేవి. రోజు అమ్మకం చిట్టాలో పడేది, రాత్రి దీపం దగ్గర కూర్చుని ఎవరి పద్దు వాళ్ళ పేరు కింద ఆవర్జాలోకి ఎత్తేవాళ్ళం. పద్దు రాయకుండా నిద్రపోతే మర్నాడు ఆ డబ్బు నీది కాదు అనేవాడు.

వసూలుకు పిల్లల్ని పంపేవాళ్ళు. ఎందుకో తెలుసా? పెద్దవాడు ఇంటి ముందు నిలబడితే వీధంతా చూస్తుంది, ఆ రైతు పరువు పోతుంది. పిల్లవాడు వెళ్ళి, మావయ్య మిమ్మల్ని అడిగి రమ్మన్నాడు బాబాయ్, కులాసాయేనా అంటే చాలు. బాకీ అన్న మాట నోట్లోంచి రాకూడదు. వాళ్ళు మజ్జిగిస్తే తాగాలి. దూడ పుట్టిందంటే వెళ్ళి చూడాలి. వచ్చి ఆ ఇంట్లో చూసిందంతా మావయ్యకు చెప్పాలి. ఒకసారి మున్నేటి ఒడ్డునున్న ఒక ఊరికి వెళ్ళొచ్చి, వాళ్ళింట్లో పొయ్యి రాజెయ్యలేదు మావయ్యా అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. చిట్టాలో ఏదీ రాయకుండానే రెండు కుంచాల జొన్నలు కట్టించి పంపాడు. పత్తి అమ్మాక ఆ రైతు అందరికంటే ముందు మా కొట్టుకే వచ్చాడు. ఈ పాఠాన్ని ఏ బోర్డు మీద గీస్తావు, ఏ ఐదు నిమిషాల్లో చెప్తావు?

అలాగని మా రోజుల్లో వ్యాపారమంతా ధర్మం నాలుగు పాదాల మీద నడిచిందని నీకు చెప్పను. కాటా కింద చింతపండు అంటించినవాళ్ళున్నారు, మిరప టిక్కీల మీద నీళ్ళు చల్లినవాళ్ళున్నారు, చదువురాని వాడి పద్దులో సున్నా చేర్చినవాళ్ళూ ఉన్నారు. అదీ చూసే నేర్చుకున్నాం, ఎవరి కొట్టు ఎందుకు మూతపడిందో ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి.

తిరునాళ్ళ మాట చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళు. రెండేళ్ళకోసారి అమ్మవారిని రంగులు వెయ్యడానికి జగ్గయ్యపేట తీసుకొచ్చినప్పుడు ఇంకో జాతర. ఆ నాలుగు రోజులూ మెట్ట పిల్లలందరూ వ్యాపారులే. ఒకడు చెరుకు ముక్కలు, ఒకడు బుడగలు, ఒకడు కుంకుమ పొట్లాలు. రింగులాట కొట్టు పెట్టినవాడి దగ్గర నిలబడి చూడటం నాకు ఇష్టం. సబ్బులు, అద్దాలు, దువ్వెనలు పేర్చి, గీత గీసి, రింగు విసరమంటాడు. గీత ఒక అడుగు దగ్గరికి జరిపితే వాడు దివాలా, ఒక అడుగు దూరం జరిపితే ఆడేవాడు రాడు. పొద్దున గీసిన గీతను జనాన్ని చూసి సాయంత్రానికి నాలుగుసార్లు మార్చేవాడు. వాడు బడికి పోలేదు.

ఇదే రింగులాటతో అమెరికా నుంచి ఒక ప్రొఫెసరు మన తెలుగు వ్యాపారుల దగ్గరికి వచ్చాడంటే నమ్ముతావా? హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పే డేవిడ్ మెక్లెలాండ్. 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాదులో అప్పటి సియెట్ సంస్థకు, అదే ఇప్పటి ఎన్ఐ-ఎంఎస్ఎంఈకి, జట్లు జట్లుగా పిలిపించి, పదేసి రోజులు శిక్షణ ఇప్పించాడు. దాంట్లో రింగులాట ఒకటి. ఎంత దూరం నుంచి విసరాలో నీ ఇష్టం. మరీ దగ్గర నిలబడేవాడికి ఓడిపోతానని భయం, మరీ దూరం నిలబడేవాడిది అదృష్టం మీద ఆశ. కష్టపడితే పడుతుంది అనిపించే దూరం చూసుకుని నిలబడేవాడే వ్యాపారానికి పనికొస్తాడన్నది ఆయన సిద్ధాంతం. శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూస్తే కాకినాడ వాళ్ళు తర్వాత ఎక్కువ కొత్త పనులు మొదలుపెట్టారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు. 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి ఆ సంగతులన్నీ పుస్తకంగా వేశాడు. కులం, ఆచారం మనవాళ్ళ కాళ్ళకు సంకెళ్ళన్న మాటను కూడా ఆ పుస్తకం ఒప్పుకోలేదు.

అయితే వ్యాపారం నేర్పొచ్చన్నమాటే కదా తాతయ్యా అంటావు. నేర్పొచ్చు. కాదన్నదెవరు? కానీ ఆయన ఎవరికి నేర్పాడో చూడు. కాకినాడలో అప్పటికే కొట్లూ చిన్న ఫ్యాక్టరీలూ నడుపుతున్నవాళ్ళకు. సరుకు తెలిసినవాళ్ళకు, బాకీలు తిన్నవాళ్ళకు. గల్లాపెట్టె వెనక కూర్చున్నవాడికి పది రోజులు ధైర్యం చెప్తే మేలు జరిగింది. మీకు గల్లాపెట్టె చూపించకుండా ధైర్యం ఒక్కటే నూరిపోస్తున్నారు. ఇల్లు అలకగానే పండగ కాదురా.

మా బడిలో వ్యాపార పాఠం లేకపోయినా పిల్లల పొదుపు బ్యాంకు ఉండేది. పదీ పరకా పిల్లలే తెచ్చి కట్టేవాళ్ళు, పిల్లలే గుమస్తాలు, పిల్లలే పాస్‌బుక్కులో రాసేవాళ్ళు, మేష్టారు పక్కన కూర్చుని చూసేవాడంతే. రోజు చివర రోకడి కలవకపోతే ఎవరూ ఇంటికి కదలకూడదు. ఆరు పైసలు తేడా వచ్చిందని చీకటి పడేదాకా కూర్చున్న రోజులున్నాయి. ఇప్పుడు అలాంటి బ్యాంకు ఏ బడిలో ఉందో చూపించు. తెచ్చి పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు, ఒక ఇనప్పెట్టె, నాలుగు పుస్తకాలు.

ఇంకో బడి హైదరాబాదు రోడ్డు. బస్సు ఆగితే తాటి ముంజలు, సీతాఫలాలు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తీసుకుని పిల్లలు కిటికీల కింద పరుగెత్తేవాళ్ళు. కండక్టరు ఈల వేసేలోపు ధర చెప్పాలి, సరుకివ్వాలి, చిల్లర తిరిగివ్వాలి. తర్వాత కీసర, చిల్లకల్లు దగ్గర టోల్‌గేట్లు వచ్చాయి, బేరాలు అక్కడికి మారాయి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరయ్యాక కార్లు అక్కడా నిలవడం లేదు. బుట్ట ఎత్తేలోపు గేటు లేస్తుంది. రోడ్డు బాగుపడినప్పుడల్లా ఎవరి బేరమో పోతూనే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం మీ రోజులే మంచివి, అది ఒప్పుకోకపోతే నా నోటికి నిజం లేనట్టే. మా మావయ్య కూతురు నాకంటే చురుకు. మూడణాలకు 19 ఎందుకయిందో నాకు విడమరిచి చెప్పింది ఆ పిల్లే. కానీ దాన్ని ఎన్నడూ గల్లాపెట్టె దగ్గర కూర్చోనివ్వలేదు. లోపలి గుమ్మం దాకానే దాని రాజ్యం. బస్తాలు మోసిన కూలీ కొడుకు మా కొట్టులోనే పెరిగినా వాడికి బస్తానే మిగిలింది, కాటా చేతికి రాలేదు. ఎవరి కులవృత్తి వాళ్ళ పిల్లలకే అన్న రోజులవి. ఇవాళ ప్రభుత్వ బడిలో తొమ్మిదో తరగతి చదివే కూలీ కూతురు పదిమంది ముందు నిలబడి, నేనీ పని మొదలుపెడతాను అని గట్టిగా చెప్తోంది. అది విన్న రోజు నాకు కడుపు నిండింది. అందుకే ఆ పాఠాన్ని తీసెయ్యమని నేను చచ్చినా అనను. ఆ పిల్ల చేతికి బోర్డుతో పాటు చిట్టా కూడా ఇవ్వమంటున్నాను, మా తరంలో ఆడపిల్లకు ఇవ్వనిది ఇదే కాబట్టి.

కాబట్టి మేష్టార్లూ, బిజినెస్ డే ఒక్క రోజు పెట్టొద్దు. అదే టేబులు, అదే పిల్లలు, నెలరోజులు నడపండి. అమ్మానాన్నల దగ్గర కొనకూడదని, వాళ్ళకు అమ్మకూడదని నియమం పెట్టండి. పెట్టుబడి అప్పుగా ఇవ్వండి, వాయిదాల మీద వసూలు చెయ్యండి. మూడో రోజు సరుకు అమ్ముడుపోక పాడవుతుంది, పదో రోజు స్నేహితుడు అరువడుగుతాడు, ఇరవయ్యో రోజు భాగస్వాములిద్దరూ మాట్లాడుకోవడం మానేస్తారు. అప్పుడు పాఠం చెప్పండి, చెవికెక్కుతుంది. నందిగామ గాంధీ సెంటర్లో ఏళ్ళ తరబడి కొట్టు నడిపిన ఒక పెద్దాయన్ని, పొదుపు సంఘంలో అప్పు తీసుకుని పిండిమర పెట్టిన ఒక అమ్మను తరగతికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వాళ్ళకు ఇంగ్లీషు రాకపోతే పోయింది.

ఇక నువ్వు, అబ్బాయ్. మీ ఇంట్లో కొట్టుంటే బడి అయ్యాక, సెలవుల్లో అక్కడికి పో. సొంతింటి పనిలో పిల్లలు ఆమాత్రం చెయ్యెయ్యడానికి 2016లో సవరించిన చట్టమూ ఒప్పుకుంటుంది, ప్రమాదమైన పని కాకూడదు, చదువు చెడకూడదు, అంతే. ఇంట్లో కొట్టు లేకపోతే తెలిసినవాళ్ళ కొట్టు మెట్ల మీద కూర్చుని కళ్ళతో చూడు, ఎవరూ వద్దనరు. ఎవరొచ్చారు, ఏం కొన్నారు, ఏది అడిగితే లేదన్నారు, రోజూ రాసుకో. దానికి యాప్ ఏమీ వద్దు, గట్టి అట్ట పుస్తకం ఒకటి కొనుక్కో. నెల నిండాక ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికి రా, కూర్చుని ఒక్కో పద్దూ చూద్దాం.